కొత్త హైస్కూలుకు జాగా చూసే ముందు

చిరంజీవి అమ్మాయికి, పెద్దనాన్న ఆశీస్సులు.

కొత్త హైస్కూలు కోసం తహసీల్దారు ఆఫీసు మూడు జాగాలు చూపించిందనీ, మండల విద్యాధికారిగా (ఎంఈవోగా) వాటి మీద రిపోర్టు ఇవ్వాల్సింది నువ్వేననీ రాశావు. చెరువు పక్కన నాలుగెకరాలు, గుట్ట మీద మూడెకరాలు, బస్తీ అంచున ఎకరన్నర. అందరూ నాలుగెకరాల వైపే మొగ్గుతున్నారన్నావు. నా మాటగా ఒకటి ముందే చెప్తాను. ఖాళీ భూమి దగ్గర మొదలుపెట్టకు, పిల్లల దగ్గర మొదలుపెట్టు. భూమిని గజాల్లో కొలిచి అమ్ముకునే బాచుపల్లి, మియాపూర్ వైపు నాలుగెకరాల సర్కారు భూమి ఇన్నేళ్లు మిగిలిందంటే దానికేదో కారణం ఉండి తీరుతుంది. ఆ కారణం తెలిసేదాకా దాన్ని మొదటి వరసలో రాయకు.

ముందు పిల్లల లెక్క. చుట్టూ ఉన్న ప్రైమరీ, అప్పర్ ప్రైమరీ (యూపీ) స్కూళ్లన్నిటివీ తరగతులవారీగా గత ఐదేళ్ల సంఖ్యలు యూడైస్ నుంచి, అంటే బడుల వివరాలుండే సర్కారు లెక్కల నుంచి తీయించు. మొత్తం సంఖ్య చూపించి ‘పెరుగుతోంది’ అని రాస్తే పైవాళ్లు పక్కన పెట్టేస్తారు. నిరుడు ఐదులో ఎంతమంది ఉన్నారు, ఈ ఏడు ఆరులో ఎంతమంది ఉన్నారు అన్నది చూడు. రెండోదాన్ని మొదటిదానితో భాగించు. ఒకటికి మించితే బయటి నుంచి పిల్లలు వచ్చి చేరుతున్నట్టు, తగ్గితే మనల్ని వదిలి పోతున్నట్టు. ఇలాగే ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు, ప్రతి మెట్టుకూ మూడేళ్ల సగటు తియ్యి. మాటవరసకు ఇప్పుడు ఒకటో తరగతిలో 150 మంది ఉండి, మెట్టుమెట్టుకూ ఆ నిష్పత్తి 1.03 వస్తే, ఐదేళ్ల తర్వాత ఆరో తరగతికి 174 మంది వస్తారు. సెక్షనుకు 40 మంది చొప్పున ఐదు సెక్షన్లు. ఆరు నుంచి పది దాకా 25 గదులు. భూమి అప్పగింత, నిధులు, కట్టడం, పోస్టులు అన్నీ అయ్యేసరికి ఏళ్లు పడుతుంది కాబట్టి నువ్వు జాగా వెతుకుతున్నది ఇవాళ ఒకటి, రెండు తరగతుల్లో కూర్చున్న పిల్లల కోసం.

ఈ లెక్కలో తప్పుదోవ పట్టించేవి కొన్ని ఉన్నాయి. 2021-22ను మొదటి ఏడుగా పెట్టుకోకు. కోవిడ్ దెబ్బకు ప్రైవేటు ఫీజులు కట్టలేక సర్కారు బడికి వచ్చిన పిల్లల్లో కొందరు తర్వాత తిరిగి వెళ్లారు. ఆ ఏడాదితో పోలిస్తే పెరుగుతున్న చోట కూడా తగ్గినట్టే కనిపిస్తుంది. ఒకటో తరగతి సంఖ్య ఎప్పుడూ కాస్త తక్కువే చూపిస్తుంది, ఎల్‌కేజీ, యూకేజీ ప్రైవేటులో చదివించి రెండు మూడేళ్ల తర్వాత మన దగ్గరికి తెచ్చే తల్లిదండ్రులు ఎక్కువ. జూన్‌లో బడిబాట ఊపులో రాసిన పేర్లు వేరు, సెప్టెంబరులో బెంచీ మీద ఉన్న పిల్లలు వేరు. హాజరు పట్టీ పక్కన మధ్యాహ్న భోజనం రిజిస్టరు పెట్టి చూడు. రెండిటికీ బాగా తేడా ఉంటే తక్కువ సంఖ్యనే తీసుకో. తక్కువ రాసినందుకు బడి పోదు, ఎక్కువ రాసి దొరికిపోతే ప్రతిపాదన మొత్తం పోతుంది.

నీ ప్రాంతానికి ఇంకో చిక్కుంది. బాచుపల్లి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా, అమీన్‌పూర్ సంగారెడ్డి జిల్లా, మియాపూర్ శేరిలింగంపల్లి మండలంలో పడి రంగారెడ్డి జిల్లా. రోడ్డు దాటితే జిల్లా మారిపోతుంది. పిల్లలకు ఆ గీత కనపడదు, దగ్గరున్న బడికే వస్తారు. కానీ నీ జిల్లా విద్యాధికారి (డీఈవో) ఆఫీసు ఇచ్చే లెక్కలో గీత అవతలి పిల్లలుండరు. అవతలి ఇద్దరు ఎంఈవోలనూ అడిగి, సరిహద్దుకు రెండు కిలోమీటర్ల లోపు ప్రైమరీ స్కూళ్ల సంఖ్యలు కూడా తెచ్చుకో. అవి ‘ఇతర జిల్లా’ అని విడిగా ఒక వరసలో చూపించు. కలిపేస్తే అభ్యంతరం పెడతారు, వదిలేస్తే కట్టిన ఏడాదే గదులు చాలవు.

తర్వాత మ్యాపు. నాలుగు, ఐదు తరగతుల పిల్లల చిరునామాలు హెచ్‌ఎంల దగ్గర తీసుకుని, పెద్ద ప్రింటు మీద ఒక్కో పిల్లకీ పిల్లాడికీ ఒక్కో చుక్క పెట్టించు. ఒకరోజు పని. చుక్కలు ఎక్కడ గుమిగూడాయో కంటికే తెలుస్తుంది. అపార్టుమెంట్లు లేస్తున్న చోట చుక్కలు పెద్దగా పడవు. ఆ పక్కనే రేకుల గదుల వరసల్లో, వాచ్‌మన్ కుటుంబాలుండే సెల్లార్లలో, పాత ఊరి నడిమధ్య పడతాయి. లేబర్ క్యాంపుల చుక్కలకు వేరే రంగు వాడు. బిల్డింగు పని అయిపోగానే ఆ క్యాంపు లేచిపోతుంది. వాళ్లకు చదువు అందాల్సిందే, దానికి ఇప్పుడున్న బడిలో అదనపు గదులు, వాలంటీర్లు కావాలి. శాశ్వత బిల్డింగు ఎక్కడ కట్టాలన్నది మాత్రం వాళ్లను బట్టి తేల్చకు. అద్దె గదుల బస్తీ అలా కాదు, మనుషులు మారినా గదులు ఖాళీగా ఉండవు.

దూరం సంగతి. సెకండరీ బడి 5 కిలోమీటర్ల లోపు ఉంటే చాలన్నది 2009లో మాధ్యమిక శిక్షా అభియాన్ వచ్చినప్పటి లెక్క. ఊళ్ల మధ్య అది సరే, మన రోడ్ల మీద అది కాగితం మీది మాట. నువ్వు చూడాల్సింది నడక. ఆరో తరగతి పిల్ల సంచి వేసుకుని నడిచే వేగంతో 25 నిమిషాలు, అంటే దాదాపు కిలోమీటరున్నర. ఆ దారిలో ఏం దాటాలో చూడు. సిగ్నల్ లేని పెద్ద రోడ్డు, పైకప్పు లేని నాలా, రైలు పట్టాలు, ఈ మూడింట్లో ఏదున్నా ఆ గీత అవతలి చుక్కలను సగమే లెక్కేసుకో. పొద్దున బడి వేళకు ఆ రోడ్డు పక్కన ఒక అరగంట నిలబడు. మధ్యలో డివైడర్ సందు ఎక్కడుంది, పిల్లలు అక్కడిదాకా వెళ్లి దాటుతున్నారా, రెయిలింగు కిందనుంచి దూరుతున్నారా, ఆటోలో ఎంతమంది వేలాడుతున్నారో చూసి రిపోర్టులో రాయి. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడపిల్లలకు బస్సు ఉచితం కదా, దూరమైనా ఫర్వాలేదని ఎవరో ఒకరు అంటారు. టికెట్టు ఉచితమే, మరి ఆ వేళకు ఆ దారిలో బస్సుందా? పదో తరగతి స్పెషల్ క్లాసు అయ్యాక సాయంత్రం ఉందా? ఎనిమిది, తొమ్మిదిలో ఆడపిల్లలు మానేయడానికి ఈ చివరి ప్రశ్నే చాలాచోట్ల కారణం.

ఇక ఎంత జాగా కావాలి. నాలుగెకరాలు లేకపోతే హైస్కూలే కాదన్నట్టు మాట్లాడతారు, లెక్క కట్టి చూడు. తరగతి గది 8 మీటర్లు పొడవు, 6 మీటర్లు వెడల్పు. 25 గదులకు తోడు సైన్సు ల్యాబు, కంప్యూటరు గది, లైబ్రరీ, స్టాఫ్ రూం, ఆఫీసు కలిపి మొత్తం 32 గదులనుకో. వరండాలు, మెట్లకు ఇంకో 40 శాతం. అంతా కలిపి 2,150 చదరపు మీటర్లు. కింద ఒకటి, పైన రెండంతస్తులైతే నేల మీద పట్టేది 720 చదరపు మీటర్లే, సుమారు 860 గజాలు. వెయ్యి మంది పొద్దున ప్రార్థనకు నిలబడటానికి వెయ్యి చదరపు మీటర్లు. కబడ్డీ కోర్టు 13 బై 10, వాలీబాల్ 18 బై 9, ఖోఖో 27 బై 16 మీటర్లు, వాటి చుట్టూ ఖాళీ అదనం. వంటగది, టాయిలెట్లు, సంపు, సైకిళ్లు, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాకు. అన్నీ కలిపితే ఎకరం, అంటే 4,840 గజాలు, ఇరుకుగా సరిపోతుంది. ఎకరా 20 గుంటలైతే హాయిగా సరిపోతుంది. నీ మూడో జాగా అంతే ఉంది. దాని ఆకారం మాత్రం చూసుకో. సన్నగా పొడవుగా, ఇరవై గజాల వెడల్పుతో ఉంటే ఎకరన్నరైనా ఆట స్థలం రాదు. మెట్ల వెడల్పు మీటరున్నరకు తగ్గకూడదు, రెండు వైపులా మెట్లుండాలి. 2004లో కుంభకోణంలో 94 మంది పిల్లలు కాలిపోయిన తర్వాత ఈ విషయంలో సర్దుబాటు అనే మాటే ఎవరూ ఎత్తకూడదు.

చెరువు పక్క భూమి గురించి గట్టిగా చెప్పాలి. ముందు రికార్డులో అది ఏమని ఉందో చూడు. శిఖం, అంటే చెరువు కడుపులోని భూమి అని ఉంటే అక్కడితో ఆపెయ్యి. సర్కారీ అనో, పశువుల మేతకు వదిలిన బంచరాయి, గైరాన్ అనో ఉంటే ముందుకు వెళ్లొచ్చు. అసైన్డ్ (పేదలకు సర్కారు ఇచ్చినది), వక్ఫ్, దేవాదాయ, భూదాన్ అని ఉంటే కోర్టు కేసులు కాచుకుని ఉంటాయి. సర్కారు భూరికార్డుల పోర్టల్ భూభారతిలో సర్వే నంబరు, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితా, పాత పహాణీలు (ఏటా రాసే భూమి రికార్డులు) మూడూ పక్కపక్కన పెట్టి చూడు. రికార్డు బాగున్నా ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు, దాని సంగతి ఉంటుంది. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకూ కుంటకూ 9 మీటర్లు, 10 మీటర్ల కంటే వెడల్పైన వాగుకూ నాలాకూ 9 మీటర్లు, అంతకంటే సన్నవాటికి 2 మీటర్లు బఫర్ వదలాలి. నాలుగెకరాల్లో అవి తీసేస్తే ఎంత మిగులుతుందో స్కెచ్ మీద గీయించు. ఇరిగేషన్ శాఖ రాతపూర్వక ఎన్‌ఓసీ లేకుండా ఒక్క అడుగూ వేయకు. 2024లో ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా వచ్చాక చెరువు భూముల మీద నిఘా పెరిగింది, అది మంచిదే. సర్కారు బడే చెరువులో కడితే ఇంకెవరికి చెప్తాం?

కాగితాల కంటే ముందు గోడలు చెప్తాయి. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన గుర్తుందిగా. ఆ జాగా చుట్టూ ఉన్న ఇళ్ల దగ్గరికి వెళ్లి, ఆ రాత్రి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూపించమను. సున్నం వేయని ప్రహరీల మీద ఇప్పటికీ మట్టి చార ఉంటుంది. మోకాలి ఎత్తు దాటి ఉంటే ఆ జాగా వదిలెయ్యి. మట్టి పోసి ఎత్తు చేస్తామని కాంట్రాక్టర్లు అంటారు. ఎత్తు చేస్తే ఆ నీళ్లు పక్క బస్తీలోకి పోతాయి, పోసిన మట్టి కుంగి నేల పగులుతుంది.

గుట్ట జాగాకు వరద భయం లేదు, ఖర్చు భయం ఉంది. మన నేల కింద గ్రానైటు బండ. పునాదికి మంచిదే, కానీ చదును చేయడానికి బ్రేకర్లు పెట్టి రోజుల తరబడి కొట్టాలి. ఆ ఖర్చు ఎస్టిమేటులో రాయకపోతే డబ్బు చదునుకే అయిపోయి గదులు సగంలో ఆగుతాయి. సంపు, సెప్టిక్ ట్యాంకు గుంతలకూ అదే బాధ. పైకి ఎక్కే వాలు చక్రాల కుర్చీలో వచ్చే పిల్లకు వీలవుతుందా అన్నది కూడా చూడు. జలమండలి నీళ్ల లైను ఎంత దూరంలో ఉందో, ఆ ఎత్తుకు నీళ్లు ఎక్కుతాయో లేదో లైన్‌మన్‌ను అడిగితే చెప్తాడు. గుట్ట మీద బోరును నమ్ముకోకు.

బస్తీ అంచు జాగాను కూడా ఊరికే ఒప్పుకోకు. నాలుగు మూలలా, నడుమ ఒకటి, ఐదు గుంతలు ఏడడుగుల లోతు తీయించు. మొరం తగిలితే మంచిది. ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు, బూడిద వస్తే అది పాత క్వారీ గుంతో, చెత్త పోసి పూడ్చిన చోటో. అలాంటి చోట మామూలు పునాది నిలవదు. పైన 33 కేవీ కరెంటు లైనో, టవర్ లైనో వెళ్తోందా చూడు, చాలా ఖాళీ జాగాలు ఖాళీగా ఉన్నది అందుకే. బొల్లారం పారిశ్రామికవాడ దగ్గరే కాబట్టి చలికాలం తెల్లవారుజామున ఒకసారి అక్కడ నిలబడు, గాలి కదలని ఆ వేళకే వాసన తెలుస్తుంది. గేటు పెద్ద రోడ్డు మీదికి పెట్టనీయకు, 40 అడుగుల పక్క రోడ్డు ఉంటే అటు పెట్టించు. వైన్స్ 100 మీటర్ల దూరం, పాన్ డబ్బా 100 గజాల దూరం రూలు ఉండనే ఉంది.

ఎవరైనా లేఅవుట్ పార్కు స్థలంలో కట్టేద్దామంటే వద్దను. అది కాలనీవాళ్ల హక్కు, స్టే తెచ్చుకుంటారు, తెచ్చుకోవడం న్యాయం కూడా.

ఇంకొకటి, జాగా కంటే పెద్దది. బిల్డింగు వచ్చి పోస్టులు రాకపోతే డెప్యుటేషన్ల మీద బడి నడుస్తుంది, లెక్కలకు ఒకరుంటే ఫిజిక్సుకు ఉండరు. కొత్త హైస్కూలు అడగడం కంటే, ఉన్న యూపీ స్కూలును హైస్కూలుగా పెంచమని అడగడం తేలిక. దానికి యూడైస్ కోడు ఉంది, కొందరు టీచర్లున్నారు, ఏడాదికో తరగతి కలుపుకుంటూ పదిదాకా వెళ్లొచ్చు. నీ ఎకరన్నరకు నడిచే దూరంలో యూపీ స్కూలుంటే ఈ దారే పట్టు. అలాగే ఇప్పుడున్న హైస్కూలు మీద ఇంకో అంతస్తు వేయొచ్చా అని ఇంజనీర్ల చేత స్టెబిలిటీ సర్టిఫికెట్ రాయించి జత చేయి. వేయొచ్చంటే, కొత్త బడి వచ్చేదాకా ఆరేడు గదులు అక్కడ లేస్తాయి, పిల్లలు వరండాలో కూర్చునే బాధ తప్పుతుంది.

రిపోర్టులో మూడు జాగాలూ రాయి, ఒక్కోదాని ఎదురుగా నడక దూరంలో పడే చుక్కల సంఖ్య, కట్టడానికి నిజంగా మిగిలే గజాలు, రికార్డు స్థితి, చదును ఖర్చు. భూమిని మన శాఖకు బదలాయించే అలినేషన్ ఫైలు తహసీల్దారు నుంచి ఆర్డీవో, అక్కణ్నుంచి కలెక్టరు దాకా వెళ్లేలోపు అడ్వాన్స్ పొసెషన్, అంటే ముందస్తుగా స్వాధీనం చేయమని అడుగు. పంచనామా రోజు నువ్వే స్వయంగా వెళ్లి, సర్వేయరు హద్దురాళ్లు పాతేదాకా అక్కడే ఉండు. ఆ మరుసటి రోజే ‘ప్రభుత్వ ఉన్నత పాఠశాల స్థలం’ అని బోర్డు పెట్టించు. మొదట వచ్చే డబ్బుతో గదులు కాదు, ప్రహరీ కట్టించు. ప్రహరీ లేని ఎకరన్నర ఆ వైపు రెండు వానాకాలాలు మిగలదు.

ఐదు గుంతల్లో ఏం తగిలిందో ఫొటోలు పంపు, చూసి చెప్తాను.

ఉంటాను,
మీ పెద్దనాన్న