లైనక్స్ డ్రైవర్‌లో పవర్ మేనేజ్‌మెంట్ కోడ్: ముందు ఏది తగ్గించాలి?

మీ లైట్ సెన్సర్ డ్రైవర్‌లో సస్పెండ్, రెజ్యూమ్ ఫంక్షన్ల చుట్టూ ఇఫ్‌డెఫ్‌లు (షరతును బట్టి కోడ్‌ని కంపైల్‌లో ఉంచే, తీసేసే గుర్తులు) పేరుకుపోయాయి, ముందు వాటినే పీకేయాలా అని అడిగారు. పీకండి గానీ, దానికంటే ముందు యూసేజ్ కౌంట్ (డివైస్‌ని ఎంతమంది వాడుతున్నారో కెర్నెల్ పెట్టుకునే లెక్క, అది సున్నా అయితేనే డివైస్ నిద్రపోతుంది) సంగతి చూడండి.

ఇలాంటి సెన్సర్ డ్రైవరే ఒకటి ఓ వెండర్ నుంచి మా టీమ్‌కి వచ్చింది. మొదటి రీడింగ్ సరిగ్గా ఉండేది. వెంటనే ఇంకోసారి చదివితే ఏదో పిచ్చి అంకె, ఎర్రర్ మాత్రం లేదు. ఆపైన సెన్సర్ ఇక నిద్రపోయేదే కాదు. అడ్వాన్స్‌డ్ డీబగ్ ఆన్ చేసిన కెర్నెల్‌లో రన్‌టైమ్_యూసేజ్ ఫైల్ చూస్తే, చదివిన ప్రతిసారీ ఒకటి పెరుగుతోంది.

కోడ్‌లో పీఎం_రన్‌టైమ్_గెట్_సింక్ (డివైస్‌ని లేపి, కౌంట్ ఒకటి పెంచే ఫంక్షన్) పిలిచి, అది తిరిగిచ్చిన విలువని రెట్‌లో పెట్టుకుని, వెంటనే 'రెట్ సున్నా కాకపోతే వెనక్కి పో' అని రాశారు. డివైస్ అప్పటికే మేలుకుని ఉంటే ఆ ఫంక్షన్ ఇచ్చేది 1. అది ఎర్రర్ కాదు. కానీ డ్రైవర్ కౌంట్ తగ్గించకుండానే ఆ 1ని పైకి పంపేసింది. ఐఐఓ సబ్‌సిస్టమ్‌లో (కెర్నెల్‌లో ఇలాంటి సెన్సర్లను చూసుకునే భాగం) 1 అంటే 'పూర్ణాంకం సిద్ధం' అని అర్థం. దాంతో ఎవరూ నింపని వేరియబుల్‌లో ఉన్న చెత్త యూజర్‌కి చేరింది! నిజంగా ఫెయిలైనా గెట్_సింక్ కౌంట్ పెంచే ఉంచుతుంది. దీన్ని ఎవరు ఇలా డిజైన్ చేశారో గానీ, చాలామందిని ముంచింది.

కెర్నెల్ 5.10 నుంచి పీఎం_రన్‌టైమ్_రెజ్యూమ్_అండ్_గెట్ ఉంది. సఫలమైతే 0, లేదంటే నెగటివ్, ఫెయిలైతే కౌంట్ తనే దించేస్తుంది. మీ ఎర్రర్ పాత్‌లలో సగం పుట్‌లు (కౌంట్ దించే పిలుపులు) దీంతోనే పోతాయి.

ఆ తర్వాత ఇఫ్‌డెఫ్‌లు. 5.17లో వచ్చిన డిఫైన్_రన్‌టైమ్_డెవ్_పీఎం_ఆప్స్ మాక్రో, పీఎం_పీటీఆర్ వాడితే అవీ, మేబీ_అన్‌యూజ్డ్‌లూ (వాడని ఫంక్షన్ మీద కంపైలర్ హెచ్చరికని ఆపే గుర్తులు) అక్కర్లేదు. సిస్టమ్ స్లీప్‌కి వేరే ఫంక్షన్లు కూడా రాయనవసరం లేదు, మాక్రోనే ఫోర్స్_సస్పెండ్, ఫోర్స్_రెజ్యూమ్ తగిలిస్తుంది. మీ సెన్సర్ ఇంటరప్ట్‌తో సిస్టమ్‌ని నిద్ర లేపాల్సి ఉంటే మాత్రం ఇది వాడకండి, పవరే తీసేస్తే లేపేదెవరు? ప్రోబ్‌లో (డ్రైవర్ డివైస్‌తో పని మొదలెట్టేటప్పుడు నడిచే ఫంక్షన్) డెవ్ఎం_పీఎం_రన్‌టైమ్_ఎనేబుల్ పెడితే, రిమూవ్‌లో (డివైస్‌ని వదిలేటప్పుడు నడిచేది) డిజేబుల్ పిలవక్కర్లేదు.

గెట్ మార్పుని మాత్రం విడి ప్యాచ్‌గా, సిరీస్‌లో మొదట పంపండి. అది బగ్ ఫిక్స్, స్టేబుల్ కెర్నెల్స్‌లోకీ వెళ్తుంది. క్లీనప్‌తో కలిపేస్తే మెయింటైనర్ తిప్పి పంపుతారు.