బియ్యం, తవుడు, పాలిష్: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా ఆయనకు షుగర్ అని ఈమధ్యే తేలింది. మా ఇంట్లో మొదటి నుంచీ బీపీటీ సన్నబియ్యమే. ఇప్పుడు ఎవరిని అడిగినా ముడి బియ్యం తినమంటున్నారు. పిల్లలు ఆ అన్నం ముట్టడం లేదు. మా అత్తయ్యేమో మిల్లు నుంచి తవుడు తెప్పించి చపాతీ పిండిలో కలుపుదాం అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.
– గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు మీ అత్తయ్యగారి మాట గురించి చెబుతాను. తవుడులో బలం ఉందన్నది నిజం. వంద కిలోల వడ్లు ఆడిస్తే సుమారు 20 కిలోలు ఊక, 8 కిలోల దాకా తవుడు వస్తాయి. గింజలోని బి విటమిన్లు, పీచు, నూనె చాలావరకు ఆ తవుడులోనే ఉంటాయి. 100 గ్రాముల ముడి బియ్యంలో థయామిన్ (బి1 విటమిన్) పావు మిల్లీగ్రాము పైన ఉంటే, పాలిష్ బియ్యంలో దాదాపు ఐదో వంతే మిగులుతుంది. డచ్చి వైద్యుడు ఐక్‌మన్ జావాలో పాలిష్ బియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం, తవుడు పెడితే అవి కోలుకోవడం గమనించాడు. ఆ పనికే 1929లో ఆయనకు నోబెల్ వచ్చింది. మన ఉత్తర సర్కారు జిల్లాల్లో కూడా ఒకప్పుడు థయామిన్ లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు ఉండేది.

అయినా మిల్లు దగ్గర బస్తాల్లో ఉండే తవుడు ఇంట్లోకి తేవద్దు. వడ్లు ఆడించిన క్షణం నుంచే తవుడులోని ఒక ఎంజైము నూనెను విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. కొద్ది రోజుల్లోనే చేదెక్కి, ముక్కవాసన వస్తుంది. ఊక, తవుడు ఒకేసారి తీసే పాత హల్లర్ మిల్లు తవుడులో ఊక పొడి కూడా కలిసి ఉంటుంది. అది పశువుల కుడితికి, కొల్లేరు వైపు చేపల చెరువులకు వెళ్లే సరుకు. తెనాలి దగ్గర మా పుట్టింట్లో అమ్మ దంచిన బియ్యం చెరిగి, తవుడు అప్పటికప్పుడే జల్లించి, బెల్లం కలిపి మాకు ఉండలు చేసి పెట్టేది. ఏ రోజు తవుడు ఆ రోజే వాడేవాళ్లం. మీ అత్తయ్యగారి మనసులో ఉన్నది ఆ తవుడే అనుకుంటాను. అలా తాజాగా దొరికితే జల్లించి, మూకుట్లో సన్నసెగ మీద వేయించి, చపాతీ పిండిలో మనిషికి ఒక చెంచా చొప్పున కలపండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం వద్దు, తవుడులో ఫాస్ఫరస్ ఎక్కువ.

ఇక ముడి బియ్యం. దీని మీద ఆశలు ఎక్కువగా పెంచుతున్నారు, అది నాకు నచ్చడం లేదు. ముడి బియ్యమైనా తెల్ల బియ్యమైనా 100 గ్రాములకు కేలరీలు దాదాపు సమానం, 350 చుట్టుపక్కల. పీచు ఎక్కువ కాబట్టి చక్కెర కాస్త నెమ్మదిగా పెరగవచ్చు, అంతే. కంచం నిండా ముడి బియ్యపు అన్నం తింటే షుగర్ తగ్గదు. కాబట్టి ముందు మీవారి కంచంలో అన్నం తగ్గించండి. మూడు గరిటెలు తినే మనిషికి ఒకటిన్నర పెట్టి, ఆ ఖాళీని గట్టి పప్పు, కూర, గుడ్డు, పెరుగుతో నింపండి. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే అదే కూరతో, అదే కొలతతో ఒక రోజు బీపీటీ, ఇంకో రోజు ముడి బియ్యం పెట్టి, తిన్న రెండు గంటలకు చూడండి. ఆయన ఒంటికి ఏది నప్పుతుందో తెలుస్తుంది. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా మార్చకండి.

పిల్లల కోసం ఇంట్లో యుద్ధం వద్దు. సింగిల్ పాలిష్ బియ్యం అడిగి తీసుకోండి, తవుడు పొర కొంత మిగులుతుంది. అరగంటకు పైగా నానబెట్టి, నీళ్లు కాస్త ఎక్కువ పోసి వండితే మెత్తగానే ఉంటుంది. ఏ బియ్యమైనా నాలుగైదుసార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తే మిగిలిన బి విటమిన్లు కూడా పోతాయి. అత్తెసరు పెట్టండి. ముడి బియ్యం, సింగిల్ పాలిష్ నెలకు సరిపడానే కొనండి, పెద్ద బస్తా తెస్తే వాసన వస్తుంది.

ప్రశ్న: నాకు ఎకరంన్నర మాగాణి ఉంది. అందులో అరెకరం ఇంటి తిండికి వదులుతున్నాను. పాలిష్ లేకుండా తినడానికి ఏ రకం వేయాలి? తుఫాను భయం ఉంది.
– రైతు, కాకుమాను, గుంటూరు జిల్లా

జవాబు: బీపీటీ 5204 (సాంబ మసూరి) మన బాపట్లలోనే 1986లో విడుదలైన రకం. రుచికి దానికి సాటి వచ్చే రకం నాకు తెలియదు. కానీ పంట చేతికి రావడానికి 145 నుంచి 150 రోజులు పడుతుంది, పడిపోయే గుణం ఉంది, అగ్గితెగులు, ఎండాకు తెగులు రెండూ తగులుతాయి. కాలువ నీళ్లు ఆలస్యమైతే కోత డిసెంబరులో పడుతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చేల మీద, కల్లాల్లో ఎంత ధాన్యం తడిసిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ ఏడాది మా అన్నయ్య మొలకెత్తిన పనలు చూసి రెండు రోజులు అన్నం తినలేదు.

మీ అరెకరానికి ఇంప్రూవ్డ్ సాంబ మసూరి చూడమంటాను. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, వరి పరిశోధన సంస్థ కలిసి బీపీటీ 5204లోకే ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులు చేర్చి తెచ్చిన రకం ఇది. వారం పది రోజులు ముందు కోతకు వస్తుంది. గ్లైసిమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె) సుమారు 51, అంటే తక్కువ కిందే లెక్క. అగ్గితెగులుకు మాత్రం ఇది రక్షణ కాదు, కాబట్టి యూరియా ఒక్కసారే గుమ్మరించకండి. నారు ఆలస్యమైతే నెల్లూరు 34449 మంచిది: నాలుగు నెలల పంట, అగ్గితెగులును తట్టుకుంటుంది. విత్తనం బాపట్ల వరి పరిశోధన కేంద్రంలోనో, లాంలోనో అడగండి.

ధాన్యం బాగా ఎండబెట్టి వడ్లుగానే గాదెలో పెట్టుకోండి. నాలుగైదు నెలలు మాగితే అన్నం ముద్దవదు. ఏ నెలకు కావలసినవి ఆ నెల ఊక మాత్రమే ఒలిచే రబ్బరు షెల్లర్ ఉన్న మిల్లులో పాలిష్ లేకుండా ఆడించుకోండి. ఈ సదుపాయం బియ్యం కొనుక్కునే పట్నం వాళ్లకు లేదు, మీకుంది.

ప్రశ్న: రేషన్ బియ్యంలో కొన్ని గింజలు నీళ్లలో తేలుతున్నాయి. ప్లాస్టిక్ బియ్యం అంటున్నారు, ఏరి పారేస్తున్నాం.
– పాఠకురాలు, మంగళగిరి

జవాబు: పారేయకండి. అవి బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజల్లా మలచినవి. వంద గింజలకు ఒకటి చొప్పున కలిపినవి. రక్తహీనత ఎక్కువగా ఉన్న మన ఆడవాళ్లకూ పిల్లలకూ పనికొచ్చేవి అవే. ఇంట్లో తలసేమియా (పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు) ఉన్నవాళ్లుంటే మాత్రం వారికి పెట్టే ముందు డాక్టరును అడగండి.