పాత కేసు, కొత్త ఉద్యోగం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేడమ్, మా తమ్ముడికి 20 ఏళ్లప్పుడు కాలేజీ గేటు దగ్గర జరిగిన కొట్లాటలో కేసు అయింది, నలుగురితో పాటు వీడి పేరు కూడా రాశారు, రెండేళ్లు వాయిదాలకి తిరిగాక కోర్టు ఫైన్ వేసి వదిలేసింది. ఇప్పుడు వాడికి 32, పెళ్లయింది, ఆ తర్వాత ఒక్క గొడవలో కూడా లేడు. మొన్న ఒక గోడౌన్లో స్టాక్ చూసుకునే ఉద్యోగం వచ్చింది, ఆఫర్ లెటర్ కూడా ఇచ్చారు, తీరా చేరే ముందు వెరిఫికేషన్లో పాత కేసు కనబడిందని వెనక్కి తీసుకున్నారు. తప్పు చేశాడు, ఫైన్ కట్టాడు, అయిపోయింది కదా, ఇంకా ఎన్నాళ్లు?

జవాబు: ఇంకా ఎన్నాళ్లు అని అడిగారు చూడండి, అసలు విషయమంతా అక్కడే ఉందమ్మా, మన చట్టాల్ని అడిగితే ఒక్కోటి ఒక్కో లెక్క చెప్తుంది. మోసం, ఫోర్జరీ లాంటి నేరాల్ని నైతిక పతనం కింద లెక్కేస్తారు కదా, వాటిలో శిక్ష పడినవాడు లాయరుగా ఎన్‌రోల్ అవ్వాలంటే అడ్వకేట్స్ చట్టం 24ఏ సెక్షన్ ప్రకారం విడుదలయ్యాక రెండేళ్లు ఆగితే చాలు. అదే మనిషి బ్యాంకులో చేరదామంటే 1949 నాటి బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం 10వ సెక్షన్ అడ్డం, అందులో ఇన్నేళ్ల తర్వాత పర్లేదు అన్న మాటే లేదు. ఎన్నికల్లో నిలబడాలంటే ఇంకో లెక్క, మామూలుగా రెండేళ్లు, ఆపైన జైలు శిక్ష పడితే జైల్లో ఉన్నంతకాలం, బయటికొచ్చాక ఇంకో ఆరేళ్లు పోటీ చెయ్యకూడదు, ఆ తర్వాత హాయిగా నామినేషన్ వేసుకోవచ్చు. అంటే చట్టాలు చేసేవాడికి ఆరేళ్లు, కోర్టులో వాదించేవాడికి రెండేళ్లు, బ్యాంకులో గుమాస్తాకి జన్మంతా. ఇందులో లాజిక్ ఏంటో నాకైతే ఇంతవరకు బోధపడలేదు.

మీ తమ్ముడిది ప్రైవేటు కంపెనీ కాబట్టి ఇవేవీ వర్తించవు, వాడిని తీసుకోవద్దని ఏ చట్టమూ వాళ్లకి చెప్పలేదు, అలాగని తీసుకోమనీ చెప్పలేదు, అంతా వాళ్ల సొంత పాలసీ. బ్రిటన్లో అయితే 1974 నుంచి ఒక చట్టం ఉంది, శిక్ష పడ్డాక కొంతకాలం మళ్లీ నేరం చెయ్యకుండా ఉంటే ఆ శిక్ష కాలం తీరిపోయినట్టే, మామూలు ఉద్యోగాలకి అడిగినా చెప్పక్కర్లేదు. పిల్లలతోనూ, నిస్సహాయులతోనూ చేసే పనులకి మాత్రం ఈ వెసులుబాటు లేదు. 2023లో ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ గడువులు ఇంకా తగ్గించారు, ఏడాది లోపు జైలు శిక్ష అయితే అది పూర్తయ్యాక ఇంకో ఏడాది చాలు. మన దగ్గర పెద్దవాళ్ల శిక్షలకి అలా గడువు తీరిపోయే పద్ధతి లేదు.

నన్నడిగితే చూడాల్సింది రికార్డు ఉందా లేదా అని కాదు, ఆ నేరానికీ ఈ పనికీ ఏంటి సంబంధం, ఎన్నేళ్లయింది, అంతే. ఇది నేను కనిపెట్టిందేం కాదు. అమెరికాలో ఒక రైల్వే కంపెనీ చిన్నాచితకా ట్రాఫిక్ కేసులు తప్ప ఏ శిక్ష పడినా ఉద్యోగం లేదు అని రూల్ పెట్టుకుంది, సైన్యంలో చేరను అన్నందుకు జైలుకెళ్లొచ్చిన ఒకాయన క్లర్కు పోస్టుకి అప్లై చేస్తే కాదన్నారు, కోర్టుకెళ్లాడు, 1975లో అప్పీలు కోర్టు ఆ రూల్ చెల్లదంది. నేరం ఎంత పెద్దది, ఎంతకాలమైంది, ఉద్యోగం ఎలాంటిది, ఈ మూడూ చూడాలన్న లెక్క అక్కణ్ణుంచే వచ్చింది, 2012లో అక్కడి ఉద్యోగ సమానావకాశాల కమిషన్ కూడా తన గైడెన్స్‌లో ఇవే పెట్టింది. మీ తమ్ముడి సంగతి ఈ మూడింట్లో పెట్టి చూడండి, 20 ఏళ్లప్పటి తోపులాటకీ 32 ఏళ్లకి పెట్టెలు లెక్కపెట్టడానికీ సంబంధం ఏముంది? అదే స్టాక్ మాయం చేసిన కేసైతే నేనూ ఆగి ఆలోచించమనేదాన్ని. మన సుప్రీంకోర్టు కూడా 2011లో ఢిల్లీ పోలీసు హెడ్ కానిస్టేబుల్ పోస్టు విషయంలో, కుర్రతనంలో చేసిన చిన్న తప్పుల్ని క్షమించాలి గానీ జన్మంతా నేరస్థుడన్న ముద్ర వెయ్యకూడదు అంది. పోలీసు ఉద్యోగానికే అలా అన్నారు, ఇది గోడౌన్.

ఇప్పుడు చెయ్యాల్సింది ఏంటంటే కోర్టు తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి, వెరిఫికేషన్ రిపోర్టుల్లో చాలాసార్లు కేసు ఉంది అని ఒక్క ముక్కే ఉంటుంది, ఏ సెక్షన్, ఏ సంవత్సరం, ఫైనా జైలా అన్నది హెచ్ఆర్ వాళ్లు చూడనే చూడరు. ఆ కాపీ పెట్టి, ఏళ్ల లెక్క రాసి, మళ్లీ పరిశీలించమని మెయిల్ పెట్టించండి. ఫోన్లో వద్దు, రాతలో ఉండాలి. ఒప్పుకుంటారని గ్యారంటీ ఇవ్వలేను గానీ, మనిషిని చూడకుండా కొట్టేసినవాళ్లు కాగితం చూశాక మెత్తబడచ్చు.

ప్రశ్న: ఇలాంటి వాళ్ల మీద జాలి చూపించేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ఏ గొడవా లేకుండా చదువుకున్న పిల్లలు ఉద్యోగాల్లేక తిరుగుతుంటే కేసులున్నవాళ్లకి ఎందుకివ్వాలి?

జవాబు: మీ కోపంలో తప్పేం లేదు, ఇద్దరూ అన్నిట్లో సమానంగా ఉండి ఒక్కటే పోస్టు ఉంటే కేసు లేని కుర్రాడికి ఇస్తే నేనేం అనను. కానీ జరిగేది అది కాదండి, రికార్డు ఉందని తెలియగానే మిగతా కాగితం చదవరు. 2003లో అమెరికాలో మిల్వాకీలో చేసిన ఒక పరిశోధన అచ్చయింది, ఒకేలాంటి అర్హతలున్న కుర్రాళ్లని ఉద్యోగాలకి పంపి, కొందరి దరఖాస్తులో మాత్రం జైలుకెళ్లినట్టు రాయించారు. తెల్లవాళ్లలో రికార్డు లేనివాళ్లకి 34 శాతం చోట్ల పిలుపొస్తే రికార్డుందన్నవాళ్లకి 17 శాతం. నల్లవాళ్లలో 14కి 5. ఇంకో విషయం చూడండి, ఏ నేరమూ లేని నల్లకుర్రాడికి వచ్చిన పిలుపులు జైలుకెళ్లొచ్చానన్న తెల్లకుర్రాడి కన్నా తక్కువ.

అయితే దీనికి మందు అసలు అడగొద్దు అనడమేనా అంటే, అదీ అంత తేలిక కాదు. 1998లో హవాయి మొదలుపెట్టింది, దరఖాస్తులో నేరచరిత్ర గడి తీసేసి, ఉద్యోగం ఇస్తామన్నాకే అడగాలని. చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. తీరా న్యూజెర్సీ, న్యూయార్క్ సిటీల్లో సుమారు 15,000 ఉత్తుత్తి దరఖాస్తులు పంపి చూస్తే, గడి తీసేశాక తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ మధ్య పిలుపుల తేడా 7 శాతం నుంచి 43 శాతానికి పెరిగింది. అడగనివ్వకపోయేసరికి పేరు చూసి, నల్లవాడైతే కేసు ఉండే ఉంటుందని ఊహించుకోవడం మొదలెట్టారన్నమాట. అందుకే నేను దాచమనను, అడగండి, కానీ అడిగాక ఆ నేరమేంటో చదవండి అంటాను.

ఇంకోటి, వాడికి ఏ పనీ ఇవ్వకపోతే వాడు మాయమైపోడు కదా, తినాలి, ఇంటికి డబ్బు పంపాలి, ఎవరూ పని ఇవ్వకపోతే పాత స్నేహితులే పిలుస్తారు. కాలిఫోర్నియాలో ఖైదీలు కార్చిచ్చులు ఆర్పడానికి వెళ్తారు, ప్రాణాలకి తెగించి చేసే పని, కానీ విడుదలయ్యాక ఫైర్ డిపార్ట్‌మెంటులో చేరాలంటే చాలాచోట్ల ఎమర్జెన్సీ వైద్యం లైసెన్సు కావాలి, రికార్డు ఉందని అది వచ్చేది కాదు. లోపల ఉన్నప్పుడు పనికొచ్చినవాడు బయటికొస్తే పనికిరాడు! 2020లో గానీ అలాంటివాళ్లు రికార్డు తీసేయమని కోర్టుని అడిగే చట్టం రాలేదు, అది కూడా హత్య, లైంగిక నేరాల లాంటివి మినహాయించి.

ప్రశ్న: చిన్న ప్లేస్కూల్ నడుపుతున్నాను. వ్యాన్ డ్రైవరుగా వచ్చినాయన తనంతట తనే చెప్పాడు, 15 ఏళ్ల కింద దొంగతనం కేసులో మూడు నెలలు జైల్లో ఉన్నానని. మనిషి మంచిగానే కనిపిస్తున్నాడు. పెట్టుకోవచ్చా?

జవాబు: అడక్కుండానే చెప్పాడంటే అది అతనికి ప్లస్సే. 15 ఏళ్ల నాటి దొంగతనం నన్నంతగా భయపెట్టదు, తాగి బండి నడిపిన కేసు, యాక్సిడెంట్ కేసు ఉంటే మాత్రం ఐదేళ్ల కిందటిదైనా వద్దనే చెప్తాను, ఎందుకంటే ఇది డ్రైవింగ్. ఇక పిల్లల మీద నేరం అనే మాట వస్తే అక్కడ ఏళ్ల లెక్క లేదు, మారాడా లేదా అన్న చర్చ లేదు, అతనికి వేరే ఏదో పని దొరకాలి గానీ పిల్లల దగ్గర కాదు. నేను ఇందాకట్నుంచి సడలింపులు చెప్తున్నాను కానీ ఇక్కడ మాత్రం తలుపు మూసెయ్యాల్సిందే.

మంచిగానే కనిపిస్తున్నాడు అన్నది మాత్రం లెక్కలోకి తీసుకోకండి. 2020 పోక్సో రూల్స్ ప్రకారం పిల్లలతో రోజూ మెలిగే స్టాఫ్ ఎవరైనా సరే, టీచరైనా ఆయా అయినా డ్రైవరైనా, పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి, ఒకసారి కాదు, మధ్యమధ్యలో మళ్లీ చేయించాలి. అది క్లీన్‌గా వచ్చిందని నిశ్చింతగా పడుకోవద్దు కూడా, పిల్లల మీద అఘాయిత్యాల్లో ఎక్కువమంది తెలిసినవాళ్లే ఉంటారు, వాళ్లలో చాలామంది మీద అప్పటిదాకా ఏ కేసూ ఉండదు. వ్యాన్లో డ్రైవరు ఒక్కడే పిల్లలతో ఉండకుండా ఆయాని పెట్టండి, ఆఖరి పిల్లని దింపేదాకా.

ప్రశ్న: నా మీద పెట్టిన కొట్లాట కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఇప్పుడు కానిస్టేబుల్‌గా సెలెక్ట్ అయ్యాను, అటెస్టేషన్ ఫారం ఇచ్చారు. కేసే లేదు కదా, రాయాలా?

జవాబు: రాయి నాయనా, రెండో ఆలోచన వద్దు. కేసు వల్ల పోయే ఉద్యోగాల కన్నా దాచడం వల్ల పోయేవి నాకు ఎక్కువ కనబడుతున్నాయి. 2016లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ దీని మీద వివరంగా చెప్పింది, దాచారని తేలితే ఉద్యోగం తీసెయ్యచ్చు, మరీ చిన్న కేసైతే డిపార్ట్‌మెంట్ చూసీచూడనట్టు వదిలెయ్యచ్చు, కానీ అది వాళ్ల ఇష్టం. నిజం రాసినా సరే, తీసుకుని తీరాలని లేదు, రికార్డు చూసి నిర్ణయించే హక్కు వాళ్లకుంటుంది. పైగా పోలీసు ఉద్యోగాల్లో రాజీతో పోయిన కేసుని, విచారణ జరిగి నిర్దోషి అని తేలిన కేసుతో సమానంగా చూడరు, అది కూడా తెలుసుకో. గొడవ జరిగినప్పటికి నీకు 18 నిండలేదంటే మాత్రం కథ వేరు, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఆ కేసు వల్ల అనర్హత ఉండదు, పెద్దవాళ్లతో సమానంగా విచారించిన 16 దాటినవాళ్లకి తప్ప. ఫారంలో అరెస్టయ్యారా, కేసు నడుస్తోందా, శిక్ష పడిందా అని వేర్వేరుగా అడుగుతారు, చివరిది చూసి అన్నిటికీ లేదు అని టిక్ పెట్టేస్తుంటారు చాలామంది, ఒక్కోటి విడిగా చదివి రాయి, లోక్ అదాలత్ అవార్డు కాపీ జత చెయ్యి, నింపిన ఫారం జిరాక్స్ ఒకటి నీ దగ్గర ఉంచుకో.