వాడిన బ్లూస్ జూనియర్ కొనవచ్చా? కొన్నాక టోన్ మార్పులు ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: వాడిన ఫెండర్ బ్లూస్ జూనియర్ (గిటార్‌కు వాడే చిన్న ట్యూబ్ ఆంప్) ఒకటి మంచి ధరకు దొరుకుతోంది, వాయించి చూస్తే శబ్దం డబ్బాలోంచి వచ్చినట్టుగా, పై స్వరాలు చెవిలో గుచ్చుకున్నట్టుగా ఉంది, దాన్ని కొని స్పీకర్, టోన్ స్టాక్ (బాస్, మిడిల్, ట్రెబుల్ నాబ్‌ల సర్క్యూట్), అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ (పవర్ ట్యూబులకూ స్పీకర్‌కూ మధ్య ఉండేది) మార్చేస్తే బాగుపడుతుందా లేక వదిలేయడం మేలా అని మీరు అడుగుతున్నారు. నేను కూడా ఇదే ఆంప్‌ను వాడినదే కొనుక్కుని చాలాకాలంగా వాయిస్తున్నాను. అందులో చేయవలసిన పనులు కొన్ని స్వయంగా చేశాను, కొన్ని ట్యూబ్ ఆంప్‌లు బాగుచేసే టెక్నీషియన్ చేత చేయించాను. కింద చెప్పిన పరీక్షల్లో నెగ్గితే దాన్ని నిస్సంకోచంగా కొనండి. అయితే మార్పుల జాబితా మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టండి. పాత ట్యూబ్ ఆంప్‌లో టోన్ బాగాలేదని మనకు అనిపించేదానిలో చాలా భాగం అరిగిపోయిన ట్యూబులది, ఎండిపోయిన కెపాసిటర్లది, అదుపు తప్పిన బయాస్‌ది (వాయించనప్పుడు కూడా పవర్ ట్యూబులలో ఎంత కరెంటు పారాలో నిర్ణయించే అమరిక). ఇవి సరిచేయకుండా సర్క్యూట్‌లో విలువలు మార్చితే, లేని లోపానికి మందు వేసినట్టవుతుంది, ఉన్న లోపం అలాగే ఉండిపోతుంది.

ముందుగా ఆ ఆంప్ స్వభావం తెలుసుకోవాలి. 1995లో మొదలైన బ్లూస్ జూనియర్‌లో రెండు ఈఎల్84 పవర్ ట్యూబులు (స్పీకర్‌ను నడిపేవి), మూడు 12ఏఎక్స్7 ప్రీయాంప్ ట్యూబులు (గిటార్ సంకేతాన్ని ముందుగా పెంచేవి), ఒక 12 అంగుళాల స్పీకర్ ఉంటాయి, శక్తి 15 వాట్లు. పెట్టె చిన్నది, వెనుక భాగం తెరిచి ఉంటుంది. కాబట్టి కింది స్వరాలు పెద్ద ఆంప్‌లలో ఉన్నంత నిండుగా రావు, ఏ రెసిస్టర్ మార్చినా ఆ పెట్టె కొలత మారదు. డ్రమ్స్ పక్కన పగలని (డిస్టార్షన్ లేని), శుభ్రమైన శబ్దం గట్టిగా కావాలని మీరు కోరుకుంటే ఇది మీకు తగిన ఆంప్ కాదు, ఏ మార్పూ దాన్ని అలా చేయలేదు. గది స్థాయిలోనో చిన్న వేదిక మీదనో కొంచెం పగిలీ పగలని బ్లూస్ శబ్దం కావాలంటే మాత్రం ఇది చాలా మంచి ఆంప్.

అమ్మే వ్యక్తి దగ్గరికి వెళ్లేముందు, మీరు వచ్చేదాకా ఆంప్ ఆన్ చేయవద్దని చెప్పండి. చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, బాగా వేడెక్కేదాకా, కనీసం అరగంటైనా వాయించాలి. పగిలిన సోల్డర్ అతుకులు, వేడికి తడబడే విడిభాగాలు చల్లగా ఉన్నప్పుడు నోరు మెదపవు, వేడెక్కాకే టపటపలు, మధ్యలో శబ్దం తగ్గిపోవడాలు బయటపడతాయి. బ్లూస్ జూనియర్‌లో ట్యూబులు ఒక చిన్న బోర్డు మీద ఉండి రిబ్బన్ కేబుల్ ద్వారా ప్రధాన బోర్డుకు కలుస్తాయి. ఆ కేబుల్ చివర అతుకులు ఏళ్ల తరబడి వేడికి, కదలికకు దెబ్బతింటాయి కాబట్టి ఈ పరీక్ష ఇక్కడ మరీ ముఖ్యం.

గిటార్ తగిలించకుండా, వాల్యూమ్ నాబ్‌లు సున్నాలో పెట్టి ముందు హమ్ (స్పీకర్‌లో ఎడతెగకుండా వచ్చే గుంయ్‌మనే శబ్దం) వినండి. మెయిన్స్ (గోడ ప్లగ్ కరెంటు) ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ ఉన్నచోట, ఫిల్టర్ కెపాసిటర్లు (పవర్ సప్లైలో డీసీని నునుపు చేసేవి) బలహీనపడితే వచ్చే హమ్ 100 హెర్ట్జ్‌లో, కొంచెం బుర్రుమన్నట్టుగా వినిపిస్తుంది. హీటర్ (ట్యూబ్ లోపల వేడెక్కే తీగ) వైరింగ్ నుంచి వచ్చేది 50 హెర్ట్జ్‌లో, ఇంకా కింద, మెత్తగా ఉంటుంది. తర్వాత మాస్టర్, వాల్యూమ్ నాబ్‌లు ఒక్కొక్కటిగా తిప్పండి. నాబ్‌తో పాటు హమ్ పెరిగితే దోషం ప్రీయాంప్ వైపు ఉంది, నాబ్ ఎక్కడున్నా మారకపోతే పవర్ సప్లైలోనో పవర్ ట్యూబులలోనో ఉంది. నాబ్ తిప్పినప్పుడు గరగరమంటే సాధారణంగా దుమ్మే కారణం, కాంటాక్ట్ క్లీనర్ కొడితే పోతుంది. శుభ్రం చేశాక కూడా పోకపోతే, కప్లింగ్ కెపాసిటర్ (ఒక దశ నుంచి మరో దశకు శబ్ద సంకేతాన్ని పంపి డీసీని ఆపేది) నుంచి డీసీ లీకవుతోందని అనుమానించాలి.

ఇక ట్యూబులు. గది దీపం తగ్గించి వెనుకనుంచి రెండు పవర్ ట్యూబులనూ చూడండి. లోపలి హీటర్ నారింజ రంగులో వెలగడం సహజం, కానీ దాని చుట్టూ ఉన్న బూడిదరంగు లోహపు ప్లేటే ఎర్రగా కాలుతుంటే వెంటనే ఆపేయండి, అది బయాస్ పోయిందనడానికి గుర్తు. ప్రీయాంప్ ట్యూబులను వాల్యూమ్ కొంచెం పెంచి, చెక్క పెన్సిల్ కొనతో ఒక్కొక్కదాన్నీ మెల్లగా తట్టండి. మొదటి ట్యూబ్ దగ్గర స్పీకర్‌లో చిన్నగా టప్‌మనడం మామూలే. నా ఆంప్‌లో మాత్రం ఆ మొదటి ట్యూబ్‌ను తట్టగానే గంట కొట్టినట్టు ఖంగుమని మోగి, ఆ మోత కొంతసేపు సాగింది. గట్టిగా వాయించినప్పుడు ప్రతి స్వరం చివరా వినిపించిన తగరపు రేకులాంటి గరుకుదనమంతా ఆ ట్యూబ్‌దేనని, దాన్ని మార్చగానే తేలింది. టోన్ స్టాక్ మీద పెట్టుకున్న నింద ఒక్క ట్యూబ్‌తో తీరిపోయింది.

ఇంకొన్ని విషయాలు త్వరగా చెబుతాను. ఆంప్ వెనుక రాసి ఉన్న వోల్టేజి మీ మెయిన్స్‌కు సరిపోవాలి. 120 వోల్టుల ఆంప్‌ను 230 వోల్టులకు తగిలిస్తే తిరిగి రాని నష్టం జరుగుతుంది, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో వాడాలంటే దాని బరువూ ఖర్చూ ధరలో లెక్కవేసుకోండి. ఫ్యూజ్ తీసి, ఆంప్ మీద రాసిన విలువే అందులో ఉందో లేదో చూడండి. పెద్ద ఫ్యూజ్ వేసి ఉంటే, ఎవరో చిన్నది పదేపదే కాలిపోతుంటే విసిగి అలా చేశారని అర్థం, అటువంటి ఆంప్‌ను తక్కువ ధరకైనా నేను తీసుకోను. అదే విధంగా, ఇంతకుముందు ఏమైనా మార్పులు చేశారా అని అడిగి, చేసినవారు ఎవరో, తీసేసిన పాత భాగాలు ఉన్నాయో లేదో తెలుసుకోండి. చక్కటి అతుకులతో, రాసిపెట్టిన వివరాలతో చేసిన మార్పులు భయపడాల్సినవి కావు. సర్క్యూట్ చిత్రంతో పోలిక లేకుండా, ముద్దముద్దగా సోల్డర్ పోసి చేసినవి మాత్రం రేపు బాగుచేసే మనిషికి నరకం.

కొన్నాక మొదటి ఖర్చు ఆరోగ్యం మీద పెట్టండి. ఎలక్ట్రోలిటిక్ ఫిల్టర్ కెపాసిటర్లు పదిహేను, ఇరవై ఏళ్లలో బలహీనపడతాయి. అవి బలహీనపడితే హమ్‌తో పాటు కింది స్వరాలలో బిగువు కూడా పోతుంది. కొత్తవి వేసి, ట్యూబులు పరీక్షించి, అనుమానం ఉన్న అతుకులన్నీ మళ్లీ సోల్డర్ చేయించండి.

ఆ తర్వాత బయాస్ సంగతి చూడాలి, ఈ ఆంప్ విషయంలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. బ్లూస్ జూనియర్ ఫిక్స్‌డ్ బయాస్ ఆంప్, అంటే పవర్ ట్యూబులకు బయాస్ వోల్టేజి విడిగా అందుతుంది, కానీ దాన్ని సర్దుబాటు చేసుకునే ట్రిమ్మర్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న రెసిస్టర్) ఇవ్వలేదు, బోర్డు మీది రెసిస్టర్లు నిర్ణయించినంతే. ఈఎల్84 ప్లేటు భరించగల గరిష్ఠ శక్తి 12 వాట్లు. ఫిక్స్‌డ్ బయాస్ ఆంప్‌లో వాయించకుండా ఉన్నప్పుడు అందులో 70 శాతం దాటకుండా, అంటే సుమారు 8.4 వాట్ల దగ్గర నడపడం టెక్నీషియన్లు పాటించే అలవాటు. ప్లేటు మీద 320 వోల్టులు ఉన్నాయనుకుంటే, ఒక్కో ట్యూబ్‌కు సుమారు 26 మిల్లీయాంపులు వస్తాయి. బ్లూస్ జూనియర్‌లు ఇంతకంటే బాగా వేడిగా నడుస్తాయన్న సంగతి వీటిని బాగుచేసేవారందరికీ తెలిసినదే. దానివల్ల పవర్ ట్యూబులు త్వరగా అరిగిపోతాయి, అవి ఉన్న బోర్డూ వేడికి నలుగుతుంది. టెక్నీషియన్ నా ఆంప్‌లో ఒక చిన్న ట్రిమ్మర్ పెట్టి కరెంటును తగ్గించాక, పన్నెండో ఫ్రెట్ పైన తీగను లాగి వాయించినప్పుడు స్వరం మసకబారకుండా నిలబడటం, తీగల గుంపును ఒక్కసారిగా కొట్టినప్పుడు ఒక్కో తీగ విడివిడిగా వినిపించడం మొదలైంది. మీరు ఒకే ఒక్క మార్పుకు డబ్బు పెట్టదలచుకుంటే, ఈ ట్రిమ్మర్‌కే పెట్టండి.

ఇవన్నీ అయ్యాక కూడా శబ్దం డబ్బాలోంచి వచ్చినట్టే ఉంటే, అప్పుడు స్పీకర్ వైపు చూడండి. ఇక్కడ ఒక సులువైన పరీక్ష ఉంది. బ్లూస్ జూనియర్‌లో స్పీకర్ వైరు మామూలు పావు అంగుళం జాక్‌తో తగులుకుని ఉంటుంది. ఆంప్ పూర్తిగా ఆఫ్ చేసి, ఆ వైరు తీసి, 8 ఓమ్‌ల బయటి క్యాబినెట్‌కు స్పీకర్ కేబుల్‌తో కలపండి. గిటార్ కేబుల్ ఇందుకు పనికిరాదు, స్పీకర్ తగిలించకుండా ఆంప్‌ను ఎన్నడూ ఆన్ చేయకూడదు, అలా చేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ఆ పెద్ద పెట్టెలో మీకు కావలసిన నిండుదనం వినిపిస్తే, దోషం సర్క్యూట్‌లో లేదని తెలిసినట్టే. స్పీకర్ మార్చేటప్పుడు వాట్ల కంటే సెన్సిటివిటీ (అదే శక్తికి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే కొలత) చూడండి. 3 డెసిబెల్స్ ఎక్కువ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ వేస్తే, ఆంప్ శక్తిని రెట్టింపు చేసినంత శబ్దం వస్తుంది. పోల్చి చూస్తే, 15 వాట్ల నుంచి 40 వాట్లకు వెళ్లినా పెరిగేది 4 డెసిబెల్స్‌కు కొంచెం పైనే. గుచ్చుకునే పై స్వరాలు మీ బాధ అయితే, పై కొస మెత్తగా జారే స్పీకర్‌ను ఎంచుకోవాలి. కొత్త స్పీకర్ కోను మొదట్లో బిగుసుకుని ఉండి వాడుతున్న కొద్దీ సడలుతుంది కాబట్టి, మొదటి రోజే తీర్పు చెప్పవద్దు.

ప్రీయాంప్ ట్యూబ్ మార్పిడి ఇంకా చవక, నచ్చకపోతే క్షణంలో వెనక్కి తీసుకోవచ్చు. 12ఏఎక్స్7 యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ (సంకేతాన్ని పెంచే బలం) 100, దాని స్థానంలో పెట్టగల ట్యూబులలో 5751కి 70, 12ఏటీ7కి 60, 12ఏవై7కి సుమారు 45. మొదటి సాకెట్‌లో 5751 పెడితే శబ్దం పగలడం ఆలస్యమై, గిటార్ వాల్యూమ్ నాబ్‌ను శబ్దం పగలకుండా ఇంకా పైకి తిప్పుకునే వీలు పెరుగుతుంది. 12ఏవై7 పెడితే ఇంకా మృదువవుతుంది. ఏ బ్రాండ్ ట్యూబ్ అన్న చర్చకంటే ఈ ఎంపిక చాలా పెద్ద తేడా చేస్తుందని నా అభిప్రాయం.

సోల్డరింగ్ దాకా వచ్చే మార్పులలో నాకు నిజంగా ఉపయోగపడినవి టోన్ స్టాక్ దగ్గరివే. ఫెండర్ పద్ధతి టోన్ స్టాక్‌లో స్లోప్ రెసిస్టర్ (మధ్య స్వరాలు ఎంత తగ్గాలో ప్రభావితం చేసేది) సాధారణంగా 100 కిలో ఓమ్‌లు ఉంటుంది, మార్షల్ కంపెనీ జేసీఎమ్800 లాంటి ఆంప్‌లలో 33 కిలో ఓమ్‌లు. దీన్ని తగ్గించే కొద్దీ మధ్య స్వరాలు ముందుకు వస్తాయి, మధ్యలో గుంత పడ్డట్టుండే ఫెండర్ శబ్దం పూడుతుంది. ఇక కాథోడ్ బైపాస్ కెపాసిటర్ (ప్రీయాంప్ ట్యూబ్ కాథోడ్ దగ్గర ఉండేది) విలువను తగ్గిస్తే కింది స్వరాలు సన్నబడి, డిస్టార్షన్ బురదగా మారకుండా ఉంటుంది. అయితే ఒకేసారి ఒక్క విలువే మార్చండి, మార్చిన ప్రతిసారీ అదే గిటార్‌తో, అదే చోట పెట్టిన మైక్‌తో ఒక చిన్న ముక్క రికార్డు చేసి పోల్చండి. మనం ఇష్టపడి, ఖర్చుపెట్టి చేసిన మార్పు బాగుందని చెవికి ముందే నచ్చజెప్పుకుంటాం, రికార్డింగ్ అలా నచ్చజెప్పదు. తీసిన ప్రతి భాగాన్నీ కాగితం చుట్టి, విలువ రాసి, ఆంప్‌తోనే ఉంచండి, తర్వాత అమ్మేటప్పుడు కొనేవారికి అది ధైర్యం.

లోపల చెయ్యి పెట్టే ముందు మాత్రం దయచేసి ఇది చదవండి. ప్లగ్ తీసేసినా ఫిల్టర్ కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు, ఆ దెబ్బ ప్రాణం తీయగలదు. ఇన్సులేషన్ ఉన్న క్లిప్ వైర్ల మధ్య తగిన వాటేజీ రెసిస్టర్ పెట్టి వాటిని ఖాళీ చేయాలి, స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకూడదు, ఖాళీ అయ్యాయని మల్టీమీటర్‌తో డీసీ కొలిచి చూశాకే ముట్టుకోవాలి. ఇదంతా చేతకాదనిపిస్తే స్పీకర్, ప్రీయాంప్ ట్యూబుల దగ్గర ఆగి, మిగతాది టెక్నీషియన్‌కు అప్పగించడంలో ఏ తక్కువా లేదు.

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వేస్తే, గట్టిగా వాయించినప్పుడు కింది స్వరాలు చెదిరిపోకుండా నిలబడతాయి, అది నిజమైన తేడానే. కానీ ఇంట్లో వాయించే స్థాయిలో అది పెద్దగా వినిపించదు, పైగా మిగతా మార్పులన్నిటికంటే ఖరీదు ఎక్కువ. వేయించదలిస్తే, ఈఎల్84 జతకు సరిపడా సుమారు 8 కిలో ఓమ్‌ల ప్రైమరీ ఉన్నదాన్ని, మీ స్పీకర్ ఓమ్‌లకు తగిన సెకండరీతో తీసుకోండి, ఫీడ్‌బ్యాక్ వైరు (అవుట్‌పుట్ నుంచి కొంత సంకేతాన్ని వెనక్కి పంపేది) దశ తలకిందులైతే ఆంప్ ఈలవేస్తుంది కాబట్టి అప్పుడు ప్రైమరీ వైర్లు రెండూ అటూ ఇటూ మార్చాలని టెక్నీషియన్‌కు తెలిసే ఉంటుంది. నా ఆంప్‌లో ఇప్పటికీ ఫ్యాక్టరీ ట్రాన్స్‌ఫార్మరే ఉంది. బయాస్, స్పీకర్ సరిపడ్డాక దాన్ని మార్చాలన్న కోరిక నాకు కలగలేదు, కాబట్టి మీరు కూడా ఆ రెండూ పూర్తిచేసి, కొన్ని నెలలు వాయించి చూశాకే దాని మీద డబ్బు పెట్టాలో వద్దో తేల్చుకోండి.