పాత కారు నాన్నకి, మంచి కారు కూతురికి

కార్ల గురించి, డ్రైవింగ్ గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు, తిరుపతిలో డ్రైవింగ్ స్కూల్ నడుపుతున్న మా శీర్షిక రచయిత్రి జవాబులు.

ప్రశ్న: మా అమ్మాయికి ఈమధ్యే 18 నిండాయి. చంద్రగిరి దగ్గర ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువుతోంది. హాస్టల్ తిండి పడడం లేదని, చిత్తూరు నుంచే రోజూ కారులో వెళ్లొస్తానని పట్టుబడుతోంది. నాకు 2020 మోడల్ నెక్సాన్ ఉంది. చర్చి వీధిలోని మా బట్టల షాపుకి దాంట్లోనే వెళ్తాను. కొత్తగా నడిపేవాళ్లు ఎలాగూ గీతలు పెడతారు కదా అని, అమ్మాయి కోసం 2012 మోడల్ చిన్న కారు ఒకటి చూశాను. లక్షా అరవై వేలు చెబుతున్నారు. ఒకే ఓనరు, మైలేజీ బాగుంది. కొనమంటారా?
– ఒక తండ్రి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: కొనండి. కాకపోతే అది మీరు నడపండి. నెక్సాన్ తాళం అమ్మాయికివ్వండి.

కోపం తెచ్చుకోకండి, నేను నిజంగానే చెబుతున్నాను. గ్రీమ్స్‌పేట నుంచి చర్చి వీధికి ఎంత దూరం? ఆ ట్రాఫిక్‌లో మీరు మూడో గేరు వేస్తే గొప్ప. అక్కడ ఎవరైనా గుద్దినా బంపరు పోతుంది, అంతే. అమ్మాయి వెళ్లేది పూతలపట్టు మీదుగా తిరుపతి హైవేలో. ఒక పక్క లారీలు, ఇంకో పక్క ఎనభై మీద పోయే బస్సులు. జూన్, జూలై వస్తే తోతాపురి కాయల లోడుతో, వెనక లైటు లేని ట్రాక్టర్లు. ఇంట్లో అందరికంటే తక్కువ అనుభవం ఉన్న మనిషిని అందరికంటే వేగమున్న రోడ్డు మీదికి, అందరికంటే బలహీనమైన కారిచ్చి పంపుతున్నారు. గీతల గురించి దిగులుపడి మీరు చేస్తున్న ఏర్పాటు ఇదీ.

ఇది మీ ఒక్కరి మాటే కాదు. మా స్కూల్‌కి పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ‘నేర్చుకోవడానికి పాత డొక్కు చాలులేమ్మా’ అంటారు. నేర్చుకోవడానికి చాలు, నిజమే. మా స్కూల్ కారు కూడా పాతదే. కానీ దాంట్లో నా కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది, బండి కాలనీ రోడ్లు దాటదు. నేర్చుకోవడం వేరు, లైసెన్సు చేతికొచ్చాక ఒంటరిగా హైవే ఎక్కడం వేరు.

2012 కారులో ఏముండదో చెబుతాను. మన దేశంలో అన్ని కార్లకూ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు పెట్టుకోకపోతే మోగే అలారం, వేగం పెరిగితే హెచ్చరించే బీప్, వెనక పార్కింగ్ సెన్సర్లు అదే ఏడాది జూలై నుంచి. అంతకుముందు ఇవన్నీ ఎక్కువ డబ్బు పెట్టే టాప్ మోడల్ వాళ్లకే. 2012 నాటి చిన్న కార్లలో చాలావాటికి ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ రెండూ ఉండవు. కొత్త డ్రైవర్‌కి ఏబీఎస్ ఎందుకంత ముఖ్యమో పక్క సీట్లో కూర్చునే నాకు బాగా తెలుసు. ఎదురుగా కుక్క వచ్చినా మనిషి వచ్చినా కొత్తవాళ్లు చేసే పని ఒక్కటే, ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కేస్తారు. ఏబీఎస్ లేకపోతే చక్రాలు బిగుసుకుపోతాయి. అప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పినా బండి నేరుగానే జారుతుంది. ఏబీఎస్ ఉంటే అంత గట్టిగా తొక్కినా పక్కకి తప్పించుకోవచ్చు. ఆ క్షణంలో నేను నేర్పిందేదీ పిల్లలకి గుర్తుకు రాదు, ఆ పని బండే చేయాలి.

ఇక స్టార్ల సంగతి. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ కారుని గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుగోడకి గుద్దించి, లోపలి బొమ్మలకి ఎంత దెబ్బ తగిలిందో కొలిచి, 5కి ఇన్ని స్టార్లని ఇస్తుంది. మన కార్లలో మొదట 5 స్టార్లు తెచ్చుకున్నది మీ నెక్సానే, 2018 డిసెంబరులో. తర్వాత 2020లో ఆల్ట్రోజ్, 2021లో పంచ్ పెద్దల రక్షణలో 5 తెచ్చుకున్నాయి. టియాగోకి 2020లో 4. మనవాళ్లు కళ్లు మూసుకుని కొనే స్విఫ్ట్‌కి 2018లో 2 స్టార్లు, 2022లో ఒకటి. వ్యాగన్‌ఆర్‌కి 2019లో 2, 2023లో ఒకటి. సర్వీసు, స్పేర్లు, అమ్మితే వచ్చే ధర చూస్తే ఆ రెండూ బంగారమే, కాదనను. కానీ మీరు అడిగింది అమ్మాయికి కారు. పోలో సంగతి ఇంకా చిత్రం. 2014లో ఎయిర్‌బ్యాగులు లేని పోలోకి సున్నా, రెండు ఎయిర్‌బ్యాగులున్న అదే పోలోకి 4. అందుకే సెకండ్ హ్యాండ్‌లో కారు పేరు చూసి కొనొద్దు, ఆ వేరియంట్‌లో ఏముందో చూసి కొనాలి. మన ప్రభుత్వం తెచ్చిన భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు నుంచే ఉంది కాబట్టి పాత బండ్లకి దాని లెక్కలు దొరకవు.

‘నెక్సాన్ పెద్ద బండి కదా, పాప చేతికి వస్తుందా’ అని మీరు అడగబోతున్నారు. అది 4 మీటర్ల లోపు బండే. కూర్చునే సీటు ఎత్తు కాబట్టి రోడ్డు బాగా కనిపిస్తుంది. సందుల్లో వెడల్పు అంచనా దొరకడానికి కొన్ని వారాలు పడుతుంది, గీతలు కూడా పడతాయి. పడనివ్వండి. టర్బో ఇంజను పికప్ మాత్రం కొత్త కాలికి కాస్త ఎక్కువ, ఎకో మోడ్‌లో పెట్టి ఇవ్వండి.

మీ బండి ఇవ్వడానికి మనసొప్పకపోతే, ఆ లక్షా అరవైకి ఇంకొంత కలిపి 4 లక్షల చుట్టుపక్కల 2020 తర్వాతి టియాగో చూడండి. ఇంకాస్త పెట్టగలిగితే ఆల్ట్రోజ్. చూసేటప్పుడు ఒక పని మరిచిపోకండి. తాళం ఆన్ చేయగానే మీటర్‌లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే ఏదో లోపముంది. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి. యాక్సిడెంట్‌లో పేలిన ఎయిర్‌బ్యాగులు మార్చకుండా, ఆ లైటు వైరు తీసేసి అమ్మేవాళ్లున్నారు. స్టీరింగ్ మధ్య మూతకి అతుకులు గానీ రంగు తేడా గానీ ఉన్నాయేమో చూడండి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గాట్లు ఎంత లోతుగా ఉన్నా, ఆరేళ్లు దాటిన టైరైతే మార్పించే ఖర్చు బేరంలో కలపండి. ముందు ఇనప గార్డు బిగించి ఉంటే తీయించేయండి. 2017 డిసెంబరులోనే కేంద్రం వద్దంది. గుద్దుకున్నప్పుడు దెబ్బని బంపరు తీసుకోకుండా ఆ గార్డు నేరుగా ఛాసిస్‌కి పంపుతుంది, సెన్సర్లకి ఎయిర్‌బ్యాగు ఎప్పుడు తెరవాలో తెలియదు.

రోజూ కారులో వెళ్లిరావడం గురించి నా మాట వేరు. మొదటి సెమిస్టర్ కాలేజీ బస్సే. శనివారాలు మీరు పక్కన కూర్చుని ఆమె చేత నడిపించండి. ఆ తర్వాత పగలు ఒంటరిగా, చీకటి పడ్డాక ఇంకొన్నాళ్లు ఆగి. ఫ్రెండ్స్‌ని ఎక్కించుకోవడం అన్నిటికంటే చివర. కారు నిండా ఈడు పిల్లలుంటే కొత్త డ్రైవర్‌కి ప్రమాదం పెరుగుతుందని అమెరికాలో చాలా రాష్ట్రాలు కొత్త లైసెన్సు పిల్లలకి రాత్రి నడపడం మీద, తోటి పిల్లల్ని ఎక్కించుకోవడం మీద ఆంక్షలు పెట్టాయి. మన దగ్గర అలాంటి చట్టం లేదు కాబట్టి ఆ చట్టం మీ ఇంట్లోనే ఉండాలి. ఇంకో మాట, సీటు బెల్టు అలారం చిరాకుగా ఉందని బెల్టు బదులు బకిల్‌లో గుచ్చే క్లిప్పులు కొంటుంటారు. మీ ఇంట్లో అవి ఉంటే ముందు పారేయండి, అమ్మాయి మిమ్మల్ని చూసే నేర్చుకుంటుంది.

పూజకి కాణిపాకం దాకా ఆమే నడపొచ్చు. వినాయకుడి ముందు నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి తెచ్చుకోండి. తిరుమల కొండ మాత్రం ఇప్పుడే వద్దు. ఎక్కడం కంటే దిగడమే కష్టం. కొత్తవాళ్లు న్యూట్రల్‌లో గానీ టాప్ గేరులో గానీ దిగుతూ మలుపు మలుపుకీ బ్రేకు మీదే కాలు పెడతారు. బ్రేకులు వేడెక్కి, కాలిన వాసనొచ్చి, చివరికి పట్టు తగ్గిపోతాయి. రెండో గేరులో ఇంజను చేతనే బండిని ఆపుకుంటూ దిగడం వచ్చాక, మీరు పక్కనుండి దించండి.

ప్రశ్న: మా వాడికి పదిహేడేళ్లు, ఇంటర్ అయిపోయింది. డ్రైవింగ్ బాగా వచ్చు. మా కాలనీ లోపలే, అదీ సాయంత్రం పూట మాత్రమే నడపనిస్తున్నాం. పోలీసులు అటు రారు. పర్వాలేదు కదా మేడం?
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: పర్వాలేదు అనలేనమ్మా. 2019లో మోటారు వాహనాల చట్టంలో 199ఏ సెక్షన్ చేర్చారు. మైనర్ నడుపుతూ తప్పు చేస్తే శిక్ష తల్లిదండ్రులకి లేదా బండి ఓనరుకి. 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. మీ వాడికైతే 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సే ఇవ్వరు. ఒక్క సాయంత్రానికి ఎనిమిదేళ్లు! ఎవరికైనా తగిలితే, లైసెన్సు లేని డ్రైవర్ కాబట్టి ఇన్సూరెన్స్ కంపెనీ బాధితులకి కట్టిన డబ్బు మీ దగ్గర వసూలు చేసుకోవడానికి వస్తుంది. 16 ఏళ్లకి లైసెన్సు ఇస్తారుగా అంటారేమో. అది 50 సీసీ దాటని, గేర్లు లేని బండికి. మన ఇళ్లలోని స్కూటర్లు 100 దాటినవే.

‘బాగా వచ్చు’ అన్నారు. టైరు మార్చడం వచ్చా? మీరు నడుపుతుంటే పక్కన కూర్చుని, ముందు ఏ బండి ఏం చేయబోతోందో చెప్పమనండి. నా స్టూడెంట్లకి అదే మొదటి పాఠం. 18 నిండిన రోజే ఎల్ఎల్‌ఆర్‌కి, అంటే లెర్నర్ లైసెన్సుకి పెట్టించండి. అది ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులయ్యాక టెస్టుకి వెళ్లొచ్చు. ఆ నెలరోజులు కూడా పక్కన లైసెన్సున్న మనిషి, ముందూ వెనకా ఎల్ బోర్డు తప్పనిసరి.

ప్రశ్న: అక్కా, నాకు 19. డిగ్రీ చదువుతూ పార్ట్ టైమ్ జాబ్ చేస్తున్నా. చెన్నైలో 2019 మోడల్ కారు మన దగ్గరికంటే యాభై వేలు తక్కువకి వస్తోంది. అక్కడి నుంచి తెచ్చుకోవచ్చా?
– ఒక విద్యార్థి, పలమనేరు

జవాబు: తెచ్చుకోవచ్చు తమ్ముడూ, కానీ యాభై వేలు మిగలవు. తమిళనాడు బండి ఇక్కడ ఉంచుకోవాలంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ, అంటే ఫారం 28 కావాలి. తర్వాత ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టి ఏపీ నంబరు వేయించుకోవాలి. అక్కడ కట్టిన ట్యాక్స్ వెనక్కి అడగాల్సింది పాత ఓనరు, ఆయన నీ కోసం ఆఫీసుల చుట్టూ తిరగడు. బండి మీద లోన్ ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకు. ఆర్‌సీ మీద లోన్, చలాన్లు ఉన్నాయేమో ఎంపరివాహన్ యాప్‌లో ముందే చూసుకో.

చెన్నై బండి అనగానే నాకు వరదే గుర్తొస్తుంది. 2015లో మునిగింది, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి మళ్లీ మునిగింది. నీ కారు 2019 మోడల్ కాబట్టి రెండోదాన్ని చూసి ఉండొచ్చు. ఆ మాటకొస్తే 2021 నవంబరులో మన తిరుపతి కాలనీల్లోనూ నీళ్లు నిలిచాయి, లోకల్ బండి అని ధీమాగా ఉండక్కర్లేదు. నీళ్లలో మునిగిన బండిని పైపైన కడిగి పాలిష్ పెడితే కొత్తదానిలాగే ఉంటుంది. సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగి చూడు, లోపల చుట్టుకుని ఉండే భాగంలో మట్టి మరక దొరుకుతుంది. సీటు కింది పట్టాల మీద తుప్పు, స్పేర్ టైరు గుంటలో బురద, కార్పెట్ ఎత్తితే ముక్కిన వాసన, హెడ్‌లైటు లోపల తేమ, వీటిలో ఏ రెండు కనిపించినా వదిలేసి వచ్చేయ్. మునిగిన బండిలో వైరింగు ఎప్పుడు, ఎక్కడ చెడుతుందో ఎవరూ చెప్పలేరు. ఏబీఎస్‌, ఎయిర్‌బ్యాగులు నడిచేది ఆ వైర్ల మీదే.

మనకి తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్లు. అమ్మేవాళ్లు చూపించే మెకానిక్ వాళ్ల మనిషే. కొన్నాక ఇన్సూరెన్స్ 14 రోజుల్లోగా నీ పేరు మీదికి మార్పించుకో. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) ఆయనతోనే పోతుంది కాబట్టి ప్రీమియం పెరుగుతుంది, ఆ తేడా కూడా ఇప్పుడే యాభై వేలలోంచి తీసేసి లెక్కవేసుకో.