బొప్పాయి గింజలు పెడితే మేకపోతుకు చూడి కట్టించే శక్తి పోతుందా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర లంక గ్రామం. ఆరు మేకలు, ఒక పోతు ఉన్నాయి. నట్టల మందుకు బదులు బొప్పాయి గింజలు ఎండబెట్టి, దంచి, బెల్లంతో కలిపి సంక్రాంతి నుంచి వారానికి రెండుసార్లు అన్నిటికీ పెడుతున్నాం. అంతకు ముందు దాటించిన నాలుగు మేకలూ చూడి కట్టాయి. ఉగాది తరువాత దాటించిన రెండూ మూడు వారాలకే మళ్ళీ ఎదకు వచ్చాయి. పోతు చెడిపోయిందా? అమ్మేయమంటారా?

జవాబు: పోతును ఇప్పుడే అమ్మకండి, గింజలు మాత్రం ఈ రోజే ఆపండి. మీ అనుమానం కొట్టిపారేయదగినది కాదు. జైపూర్‌లోని రాజస్థాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బొప్పాయి గింజల నుంచి క్లోరోఫాంతో తీసిన సారాన్ని మగ కొండముచ్చులకు కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల చొప్పున 360 రోజుల పాటు రోజూ ఇచ్చి, ఆ ఫలితాలను 2002లో ప్రచురించారు. నెల తిరిగేసరికి వీర్యకణాలు తగ్గడం మొదలై, 90 రోజులకు వీర్యంలో అవి బొత్తిగా కనిపించకుండా పోయాయి. సారం ఆపిన 150 రోజులకు మళ్ళీ మామూలు స్థితికి వచ్చాయి. అన్నాళ్ళూ మగతనపు హార్మోన్ అయిన టెస్టోస్టిరాన్ మాత్రం తగ్గలేదన్న సంగతి మీరు ముఖ్యంగా గమనించాలి. పోతు ఎప్పటిలాగే వాసన కొడుతూ, మేకల వెంట పడుతూ, చక్కగా దాటుతున్నంత మాత్రాన దాని వీర్యం బాగున్నట్టు కాదు.

అయితే ప్రయోగశాలలో తీసిన సారానికీ మీరు దంచిన పొడికీ మోతాదులో పోలిక కుదరదు. మేకకు నెమరువేసే కడుపు కూడా ఉంది గనుక, కొండముచ్చులో జరిగినట్టే దానిలోనూ జరుగుతుందని చెప్పలేం. పైగా ఉగాది తరువాత ఎండలు ముదిరితే పోతుల వీర్యం పలచబడటం సహజమే. అందువల్ల తప్పంతా గింజలదేనని నేను తీర్మానించలేను. మేకపోతు వృషణాలలో వీర్యకణం తయారు కావడానికి సుమారు 7 వారాలు, అది పరిపక్వమై బయటికి రావడానికి మరో వారం రెండు వారాలు పడుతుంది గనుక, గింజలు ఆపి, మధ్యాహ్నం పూట పోతును నీడన కట్టి, రెండు నెలల తరువాత పశువైద్యుడి చేత వీర్యపరీక్ష చేయించండి. అప్పటికీ కణాలు సరిగా కనిపించకపోతే మరో మూడు నెలలు ఆగి చూడవచ్చు. ఈలోగా ఎదకు వచ్చిన మేకలను వేరే పోతుతో దాటించండి.

చూడి కట్టిన నాలుగింటికీ ఈ పొడి పెట్టడం నాకు ఇంకా ఆందోళన కలిగిస్తున్నది. ఎక్కువ మోతాదులో ఇచ్చిన గింజల సారం చూడి ఎలుకలలో పిండాలకు హాని చేసింది.

ఇక నట్టల మాట. గింజలలోని బెంజైల్ ఐసోథయోసయనేట్ అనే రసాయనానికి పేగు పురుగులను చంపే గుణం ఉన్నమాట నిజమే. కానీ కాలువ గట్ల తడి గడ్డి మేసే మన డెల్టా మేకలను తరచు పీడించేవి, నత్తల ద్వారా వచ్చే కాలేయపు జలగలు. వాటికి ఈ పొడిని నమ్ముకోవద్దు. మేక కింది కనురెప్ప లాగి చూడండి. లోపలి పొర ఎర్రగా కాక కాగితంలా తెల్లబోయి, దవడ కింద నీరు దిగినట్టు మెత్తగా వేలాడుతుంటే ఆలస్యం చేయకండి. అప్పుడే వేసిన పేడను మూత ఉన్న డబ్బాలో పశువైద్యశాలకు తీసుకువెళ్ళి, గుడ్లు ఏ పురుగువో తేలిన తరువాతే, ఏ మేక ఎన్ని నెలల చూడితో ఉన్నదో చెప్పి మందు రాయించుకోండి.