తలకు దెబ్బ తగిలాక కమ్మిన మబ్బు... తగ్గుతోందని తెలిసేదెలా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. అకౌంటెంట్‌ని. ఏడు వారాల క్రితం బైక్ మీద నుంచి పడ్డాను. హెల్మెట్ ఉంది, అయినా కాసేపు ఏం జరిగిందో తెలియలేదు. సీటీ స్కాన్ నార్మల్ అన్నారు. అప్పటి నుంచీ బుర్ర మొద్దుబారినట్టుంది. లెక్క చేస్తూ మధ్యలో మర్చిపోతున్నాను. ఒకరోజు బాగుంటే మర్నాడు మళ్లీ అదే. అసలు తగ్గుతోందా, లేదా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

సలహా: మీరు రాసినదాన్ని బట్టి ఇది కంకషన్, అంటే తలకు దెబ్బ తగిలి మెదడు కుదుపుకి గురవడం, తాలూకు ఇబ్బందిలా ఉంది. సీటీలో ముఖ్యంగా రక్తస్రావం, ఎముక విరగడం లాంటివి తెలుస్తాయి. కుదుపుకి మెదడులోని సన్నని నరాల పోగులు సాగి, పనితీరు కొన్నాళ్లు మందగిస్తే అందులో కనిపించదు. కాబట్టి ‘స్కాన్ బాగుంది, నీదంతా టెన్షనే’ అని ఎవరన్నా మనసులో పెట్టుకోకండి. ఎక్కువమందికి నెలలోపు సర్దుకుంటుంది. కొందరికి మూడు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది.

మబ్బు ఉందా, పోయిందా అని రోజూ చూసుకుంటే ఏమీ తేలదు. ఎంతసేపు పనిచేశాక వస్తోంది, వచ్చాక ఎంతసేపటికి వదులుతోంది అన్నవి గమనించండి. మొదట్లో ఇరవై నిమిషాలు లెడ్జర్ చూస్తే తల పట్టేసి, ఆ రోజంతా పని సాగలేదనుకుందాం. ఇప్పుడు గంట తర్వాత వచ్చి, అరగంట కళ్లు మూసుకుంటే వదులుతోందా? అయితే కోలుకుంటున్నట్టే. వారానికోసారి డైరీలో రాసుకుని, నెల క్రితం రాసినదాంతో పోల్చండి. పక్కన టీవీ మోగుతున్నా ఎదుటివాళ్ల మాట అందడం, చదివిన లైనే మళ్లీ చదవాల్సిన అవసరం తగ్గడం కూడా మంచి గుర్తులే. ‘ఈమధ్య విసుక్కోవడం తగ్గించావు’ అని ముందుగా ఇంట్లోవాళ్లే అనొచ్చు. నిద్ర చాలని రోజు, జీఎస్టీ రిటర్నుల హడావుడిలో మళ్లీ వెనక్కి పోయినట్టనిపిస్తుంది. అంతమాత్రాన దెబ్బ తిరగబెట్టినట్టు కాదు.

పూర్తి విశ్రాంతి మొదటి ఒకటి రెండు రోజులకే. ఇప్పుడు రోజూ నడవండి, పని కొద్దికొద్దిగా పెంచండి. ఇబ్బంది కాస్త పెరిగి గంటలోపు తగ్గిపోతే ఫర్వాలేదు.

ఇలాంటివాళ్లు వస్తే నేను ముందు అడిగేది ఏ మాత్రలు వేసుకుంటున్నారని. నిద్రమాత్రలు, కొన్ని జలుబు, అలర్జీ మాత్రలు కూడా బుర్రని మొద్దుబారుస్తాయి. మెడనొప్పి, కళ్లు తిరగడం, దిగులు ఉన్నా మబ్బు తొందరగా వదలదు. వీటికి చికిత్స ఉంది. నరాల బలానికని వేయించుకునే బీ12 ఇంజెక్షన్లు మాత్రం లోపం ఉన్నవాళ్లకే ఉపయోగం.

ఏడు వారాలైంది కాబట్టి ఒకసారి న్యూరాలజిస్టుకు చూపించుకోండి. తలనొప్పి రోజురోజుకీ పెరగడం, వాంతులు, మత్తు, మాట తడబడటం, ఒకవైపు కాలు చెయ్యి పట్టు తప్పడం, ఫిట్స్... వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. కొందరిలో, ముఖ్యంగా పెద్ద వయసువాళ్లలో, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో, మద్యం ఎక్కువగా తాగేవాళ్లలో మెదడు చుట్టూ రక్తం నెమ్మదిగా చేరి వారాల తర్వాత బయటపడుతుంది. అప్పుడు మొదటి రోజు సీటీని నమ్ముకుని కూర్చోకూడదు, మళ్లీ తీయాలి.

డాక్టర్ సరేననేదాకా బైక్ నడపకండి. ఈ దశలో తలకు ఇంకో దెబ్బ తగిలితే కోలుకోవడం మరీ ఆలస్యమవుతుంది.